పెద్ద హోటల్లో ప్రసాదాల బీరువా

రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి, పాత హోటళ్ల గురించి ఒక వారపత్రికకు రాయడం. అవి చదివి చిత్తూరు నుంచి హేమలత గారు ఫోన్ చేశారు. తాతగారు కట్టిన హోటల్‌ను ఇప్పుడు ఆవిడే నడుపుతున్నారు. కింది అంతస్తులోని బారునూ రెస్టారెంటునూ వచ్చే నెలలో కొత్తగా కట్టిస్తారట. గోడకు తగిలించడానికి వాటి చరిత్ర రెండు పేజీల్లో రాసివ్వమన్నారు. పిలిచి భోజనం పెడతామంటే కాదనే రకం కాదు నేను. హోటల్ పేరు మాత్రం రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

గూడూరులో పొద్దున ఆరుంబావుకు రైలెక్కాను. తిరుపతిలో దిగి, స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు చిత్తూరు బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో పూతలపట్టు ఆవిడ కూర్చుంది. గుండు మీద గంధం ఇంకా తడిగానే ఉంది.

"కొండకు పోయొస్తా ఉండావా అన్నా?"

లేదమ్మా, చిత్తూరులో ఒక హోటల్ చూడటానికి వెళ్తున్నానన్నాను.

"తిరపతి దాకా వచ్చి సామిని సూడకుండా, హోటలు సూసేదానికి పోతా ఉండావా!" అని పకపకా నవ్వింది. జాలిపడి సగం లడ్డు విరిచి కాగితంలో చుట్టి ఇచ్చింది. భుజాన ఉన్న సంచిలో వేసుకున్నాను.

పూతలపట్టు దగ్గర రోడ్డు పని వల్ల కాస్త ఆలస్యమై, పదకొండున్నరకు చిత్తూరు చేరాం. ఆటోలో హోటల్ పది నిమిషాలు. ఎత్తయిన పోర్టికో, నున్నగా అరిగిన రాతి మెట్లు. లోపలికి వెళ్తే ఎడమవైపు తలుపు రెస్టారెంటుది, కుడివైపుది బారుది. రెండింటి మధ్యా నిలువెత్తు టేకు బీరువా, దాని పక్కన స్టూలు మీద ఒక ముసలాయన.

"సార్, సంచిలో కొండ ప్రసాదం ఏమన్నా ఉండాదా?"

ఉలిక్కిపడ్డాను. ఉందన్నాను. ఆయన లేచి, కాగితం పొట్లాన్ని రెండు చేతులా అందుకుని, బీరువాలో ఒక అరలో పెట్టి, నా చేతిలో నంబరు వేసిన ఇత్తడి బిళ్ల ఉంచాడు. పేరు అడగలేదు. నా మొహం కూడా చూడలేదు.

ఆయన పేరు మునెయ్య. ముప్పై ఏళ్లకు పైగా ఆ బీరువాకు కాపలా. నేను రాయాల్సిన చరిత్రంతా ఆయన దగ్గరే ఉంది. మొదట ఇక్కడ ఉన్నది రెస్టారెంటు ఒక్కటేనట. బెల్లం వ్యాపారులు, లారీ ఓనర్లు, షూటింగులకొచ్చే మద్రాసు వాళ్లు తినేవారు. తరవాత బారు పెట్టారు. కొండ దిగి బెంగళూరు, వేలూరు వైపు పోయేవాళ్లు ఇక్కడ ఆగడం మొదలైంది.

"ఒగ రోజు పెద్దాయన సూసినాడు సార్. ఎవురో లడ్డు సంచిని కాళ్లకాడ పెట్టుకోని తాగతా ఉండాడు. అంతే, తెల్లారేపాటికి వాళ్లింట్లో బీరువా ఈడికి తెప్పించినాడు. నన్ను పిలిచి, 'ఎవురిదీ పేరు అడగొద్దు, మొగం సూడొద్దు' అన్నాడు. నేను చేతులు మాత్రమే సూస్తా."

మద్యనిషేధం రోజుల్లో బారు కాస్తా ఐస్‌క్రీమ్ పార్లరైంది. బీరువా ఖాళీ. అయినా రోజూ తుడిచేవాణ్ణన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "కొత్త ప్లానులో దీనికి సోటు లేదంట. మీరొక మాట సెప్తే అమ్మ వింటాది సార్" అన్నాడు. చెప్తానని మాటిచ్చాను.

ఒంటిగంటకు రెస్టారెంటులో భోజనం. రాగిసంగటి, నాటుకోడి పులుసు, మీద చిక్కటి మజ్జిగ. ఇంత మంచి సంగటి ఈమధ్య తినలేదు. బీరువా మాటెత్తగానే హేమలత గారు ఇబ్బందిగా కదిలారు. "బారు గుమ్మంలో ప్రసాదమేంటని ఎవరైనా గొడవ చేస్తే? తాతగారి కాలం వేరండీ."

నేను వదల్లేదు. ఇలాంటి మర్యాద ఇంకే హోటల్లోనూ చూడలేదన్నాను. బీరువా ఫొటో పెద్దది చేసి గోడకు పెడితే చరిత్రకే అందమన్నాను. చివరికి మెత్తబడి, "సరే, ఒక ఫొటో తీసి చూపించండి. బాగుంటే బీరువా ఉంచుదాం" అన్నారు. గెలిచాననుకున్నాను.

మునెయ్య అన్నం తినడానికి వెళ్లాడు. స్టూలు పక్కకు జరిపి, బీరువా తలుపు తీసి, అరల్లోని సంచులు కూడా కనబడేలా ఫోన్ పట్టుకుని నొక్కాను. సరిగ్గా అప్పుడే బారు తలుపు తెరుచుకుని నలభై ఐదేళ్ల మనిషి బిళ్ల పట్టుకుని వచ్చాడు. నున్నటి గుండు. ఫొటోలో ఆయన మొహం స్పష్టంగా పడింది.

"ఎవురయ్యా నువ్వు? ఫొటో ఎందుకు తీసినావు? మా ఇంట్లో తెలిస్తే నా గతేంది?"

ఆయన కళ్లముందే చెరిపేశాను. క్షమించమన్నాను. ఆయన గొంతు తగ్గలేదు. కేకలకు మునెయ్య ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. హేమలత గారూ వచ్చారు.

"ఇంతకాలం నమ్మి ఈడ పెడతా వచ్చినా. మంచి పనే చేసినారు!" అని, తన సంచి తనే తీసుకుని వెళ్లిపోయాడాయన.

హేమలత గారు బీరువా తలుపు మూశారు. "రేపే బీరువా తీయించేస్తాను. నువ్వు గేటు దగ్గరికి మారిపో, మునెయ్యా" అన్నారు. తప్పు నాది, ఆయనది కాదన్నాను.

"తప్పెవరిదని కాదండీ. ఈ రోజు మీరు, రేపు ఇంకొకరు. అందరి చేతుల్లోనూ ఫోన్లే."

సిగ్గుతో చచ్చిపోయాను. మునెయ్యను గేటు పనిలో జీతం తగ్గుతుందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"పనికేముండాది సార్. పద్దెనిమిదేండ్లుగా వస్తా ఉండే చెయ్యి అది. మొగం ఈ పొద్దే సూసినా. ఇంక రాడు."

నా పొట్లం తెచ్చి ఇచ్చి, బిళ్ల తీసుకున్నాడు. తలెత్తలేదు. అలవాటు వల్లో, నా మొహం చూడబుద్ధి కాకో తెలియలేదు.

నాలుగింటి బస్సుకు చిత్తూరు వదిలాను. తిరుపతిలో ఏడింటి రైల్లో సీటు దొరికింది. ఒళ్లో కాగితాలు పెట్టుకుని రెండు పేజీలూ పూర్తిచేశాను. అందులో బెల్లం వ్యాపారులున్నారు, మద్రాసు వాళ్లున్నారు, ఐస్‌క్రీమ్ రోజులున్నాయి. బీరువా గురించి రాయడానికి చేయి రాలేదు.

మీరు అటు వెళ్తే ఆ హోటల్లో తప్పకుండా భోంచేయండి. పేరు నేను చెప్పకపోయినా, ఊళ్లో పెద్ద హోటలంటే ఆటోవాళ్లే తీసుకెళ్తారు, సంగటి మాత్రం మధ్యాహ్నమే దొరుకుతుంది. కొండ నుంచి వస్తూ కుడివైపు తలుపు తీయాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చేతిలోని ప్రసాదం నమ్మి అప్పగించే చోటు అక్కడ ఉండేది. దాన్ని కాపాడబోయి నేనే పోగొట్టాను.