లాంచి కింది గది

సాగర్ నీళ్లు వెనక్కి తన్నుకుంటూ దేవరకొండ వైపు గుట్టల నడుమకు చొచ్చుకొచ్చిన చోట, ఎనభై ఆరు, ఎనభై ఏడు ప్రాంతంలో ఒక కంట్రాక్టరు లాంచి తిరిగేది. జనాన్ని ఎక్కించుకుని నీళ్ల మీద ఒక చుట్టు తిప్పి, మళ్లీ అదే ఒడ్డున దింపేది. ఎక్కడికీ పోకుండా వెనక్కి రావడానికి కూడా మనుషులు టికెట్టు కొంటారని నల్గొండ జిల్లాకు మొదట తెలిసింది అప్పుడే.

పైన డెక్కు మీద నిలబడి చక్రం తిప్పే డ్రైవరు పీర్ మహమ్మద్. కింద గదిలో ఇంజన్ చూసుకునేవాడు సైదులు. టికెట్టు కొన్నవాళ్లకు గాలి, ఎండ, గుట్టలు పైనే దొరికేవి. లాంచి కడుపు లోపల ఏముందో చూడాలంటే మాత్రం సైదులు చేతిలో వేరుగా చాయ్ పైసలు పెట్టాలి. ఈ పద్ధతి కంట్రాక్టరు పెట్టింది కాదు. సైదులు నాలుక పెట్టింది.

సైదులుది ఆలేరు. ఆరో తరగతిలో బడికి, అతనికి పడక విడిపోయారు. నల్గొండ లారీ షెడ్లలో పదేళ్లు గ్రీజులో మునిగి తేలాడు. కార్ఖానావాళ్లు చేతులెత్తేసిన ఇంజన్‌ను తలపాగా గుడ్డ, రెండు చింతగింజలు పెట్టి నడిపించానని చెప్పేవాడు. ఎవరన్నా నమ్మలేదో, చింతగింజలు మూడయ్యేవి.

మరి ఆ కింద గది చూడ్డం డబ్బుకు తగిన పనేనా? ఒడ్డున చాయ్ కొట్టు దగ్గర ఈ పంచాయితీ ఎప్పుడూ తెగేది కాదు. నల్గొండ నుంచి వచ్చిన ఒక లెక్చరరు చెమట తుడుచుకుంటూ పైకొచ్చి, ఈ చప్పుడు, ఈ డీజిల్ వాసన తమ వీధి పిండిగిర్నీలో ఊరికే దొరుకుతాయని విసుక్కున్నాడు. ఆయన వెనకాలే ఎక్కి వచ్చిన భార్య మాత్రం మళ్లీ దిగుదామంది. చౌటుప్పల్ నుంచి ఒక ఎరువుల వ్యాపారి ఆ గది కోసమే మూడుసార్లు వచ్చాడు. తేడా ఇంజన్‌లో లేదు. సైదులు నోరు తెరిచిన రోజు దిగినవాళ్లకు గిట్టుబాటు అయ్యేది. పంటినొప్పి ఉన్న రోజు దిగినవాళ్లకు ఒట్టి ఇంజన్ కనిపించేది.

గది గోడకు, సరిగ్గా నీటిమట్టం దగ్గర, పళ్లెమంత గుండ్రటి అద్దం ఉండేది. దాని అవతల ఆకుపచ్చ నీళ్లు తప్ప ఏమీ ఉండవు. ఏమీ లేని చోట సైదులుకు అన్నీ కనిపించేవి. ఆవు మెడలోని గంటను మింగిన వాలుగ చేప ఒకటి ఉందని, అది తిరుగుతుంటే ముసురు రోజుల్లో గంట వినిపిస్తుందని చెప్పేవాడు. పిల్లలు అద్దానికి చెవులు ఆనించేవారు. వాళ్ల నాయనలు కూడా, పక్కన ఎవరూ చూడకపోతే.

లాంచి చుట్టు తిరిగే దారిలో ఒక మలుపు దగ్గర నాచు ఎక్కువ. ఇంజన్ చల్లబడటానికి నీళ్లు పీల్చే గొట్టపు జాలీ ఆ నాచుతో పూడుకుపోయేది. అక్కడికి రాగానే పీర్ మహమ్మద్ పైనుంచి గంట కొట్టేవాడు, సైదులు ఇంజన్ ఆపి జాలీ కడిగేవాడు. అంతసేపు జనం ఊరికే ఉండరు కదా. ఎందుకు ఆపారని అడిగేవారు. నాచు కోసమని చెబితే అందులో మజా ఏముంది? ఒకరోజు సైదులు, ఇది మునిగిన ఊరికి సరిగ్గా పైన ఉన్న జాగా, అందుకే ఆపామని చెప్పాడు. జనం చేతులు జోడించారు. ఆ రోజు నుంచి ఆ మలుపు కింద ఊళ్లు మొలవడం మొదలైంది. అడిగినవాళ్లది ఏ ఊరైతే ఆ ఊరు.

హుస్సేన్ బీ వచ్చింది అలాంటి రోజుల్లోనే. సాగర్ నిండినప్పుడు ఊరొదిలిన కుటుంబం ఆమెది. ఇప్పుడు కూతురు వజీరాతో కలిసి రోడ్డు పక్క కాలనీలో ఉంటోంది. ఒక జుమ్మెరాత్ నాడు, అంటే గురువారం, కొంగులో ఊదుబత్తీలు కట్టుకొచ్చి, లాంచి ఎక్కి, ఇంజన్ ఆగగానే కింద గది మెట్ల దగ్గర నిలబడింది.

"బిడ్డా, ఈ నీళ్లల్లనే మా ఊరు పీర్లగడ్డ ఉన్నది. ఏ తావుల ఉన్నదో నీకేమన్న ఎరికేనా?"

"ఎరికే అవ్వా. సరిగ్గ గిక్కడ్నే. ఇంజన్ ఊకెనే బంద్ చేసిన అనుకున్నవా?"

చెయ్యి పట్టి దింపాడు. అద్దం అవతల ఏదో నల్లగా ఊగుతోంది. అదేమిటని ఆమె అడిగితే, ఊరి చివర చెట్టు అయి ఉంటుందన్నాడు. కబరస్తాన్ పక్క వేపచెట్టేనా అని ఆమె అడిగింది. అదేనన్నాడు. వేపచెట్టు పేరు తెచ్చింది ఆమె, దాన్ని నాటింది సైదులు.

హుస్సేన్ బీ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. ఊరొదలకముందే జ్వరంతో పోయిన ఆమె మొదటి కొడుకు ఆ చెట్టు కింద ఉన్నాడు. పెదాలు కదిలాయి, పోయినవాడి కోసం ఫాతెహా చదివింది. తర్వాత మామూలు గొంతుతో, పక్కింటికి పోయి కూర్చున్నట్టుగా, ఇంటి ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టింది. సైదులు జాలీ కడగడం అయిపోయినా కడుగుతూనే ఉన్నాడు. పోయేటప్పుడు ఆమె రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీదా ముద్ద చేతిలో పెట్టింది. సైదులు దాన్ని నోట్లో వేసుకున్నాడు. నీళ్లు తాగి మింగేశాడు.

ఆమె మళ్లీ వచ్చింది. ఆ తర్వాత వస్తూనే ఉంది. మూడోసారి నుంచి సైదులు ఆమె దగ్గర చాయ్ పైసలు తీసుకోవడం మానేశాడు. దాంతో తనకు తాను మంచివాడిలా కనిపించాడు. అబద్ధాన్ని ఉచితంగా ఇస్తే దానమవుతుందని అతని లెక్క. ఒకటి రెండుసార్లు నిజాన్ని నోటి దాకా తెచ్చుకున్నాడు. అప్పటికే ఆమె అద్దానికి చెంప ఆనించి ఉండేది. చెబితే ఆ చెంప తీసేయాలి. చెప్పకపోతే తన బాధ తనది. రెండోదే సులువనిపించింది. ఆమె వచ్చే జుమ్మెరాత్ దగ్గర పడుతుంటే మాత్రం అన్నం సయించేది కాదు. నీ మొహం నాచు పట్టిన జాలీ లెక్క అయిందని పీర్ మహమ్మద్ ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు పెత్తర్ల అమాస జుమ్మెరాత్ నాడే వచ్చింది. చనిపోయిన పెద్దలకు ఇంటింటా విస్తర్లు పెట్టే రోజది. ఎర్రగుంటపల్లె అనే ఇంకో మునక ఊరివాడు లచ్చయ్య, పెళ్లాం శ్యామలమ్మతో సహా అన్నం, గారెలు, ఒక సీసాలో కల్లు పట్టుకుని లాంచి ఎక్కాడు. అతనికి కూడా సైదులు ఆ మలుపే చూపించి ఉన్నాడు. అతన్నీ హుస్సేన్ బీనీ ఒకే లాంచిలో చూసేసరికి సైదులుకు ఒంట్లో డీజిల్ అయిపోయినట్టయింది. ఆ ఒక్క రోజు నాచు లేకపోతే బాగుండునని మొక్కుకున్నాడు. మలుపు దగ్గర గంట మోగనే మోగింది.

లచ్చయ్య విస్తరి పట్టుకుని కిందికి దిగేసరికి హుస్సేన్ బీ అద్దం దగ్గర ఉంది.

"అవ్వా, జర జరుగు. మా పెద్దలకు పెట్టుకుంటం. మా ఎర్రగుంటపల్లె గిదే."

"గిది పీర్లగడ్డ గదనే అన్నా."

"పీర్లగడ్డ యాడ, మా ఊరు యాడ. నడుమ బోడగుట్ట లేదా? మీ ఊరి పీర్ల పండుగకని పొద్దుగాల బయలెల్లితే పొద్దుగూకినంక చేరెటోళ్లం."

ఇద్దరూ సైదులు వైపు తిరిగారు. అలవాటు ప్రకారం అతని నాలుక మీదికి ఒక కథ వచ్చి కూర్చుంది. వరద తోపుకు ఊళ్లు జరిగి జరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కాయని మొదలుపెట్టాడు కూడా.

"ఊర్లకు కాళ్లు మొలిచినయారా సైదులూ? మా దొడ్డి గోడ గిట్ల నడుస్తదని ఎరికైతే నెత్తి మీద బరువు పెట్టిపోదుము," అన్నాడు లచ్చయ్య.

మెట్ల మీద గుమిగూడినవాళ్లు ఒకటే నవ్వు. హుస్సేన్ బీ నవ్వలేదు. కోపంగా కూడా లేదు. లెక్క తేలని మనిషిలా సైదులునే చూస్తోంది. ఆ చూపు కింద ఇక ఏ కథా నిలబడలేదు.

"నాకు ఎరుకలేదవ్వా. ఏ ఊరు యాడున్నదో నాకేం ఎరుకలేదు. జాలీల నాచు ఇరుకుతదని ఈడ ఆపుతం."

"మరి గా వేపచెట్టు?"

"నాచు."

ఆమె చెయ్యి అద్దం మీది నుంచి మెల్లగా జారింది.

"ఇన్నొద్దులు నేను నాచుతోని మాట్లాడిన్నా," అంది.

లచ్చయ్య నోటికొచ్చినంత తిట్టాడు. తిట్టడం అయ్యాక, పెద్దలకు ఆకలైతే వాళ్లే వెతుక్కుంటూ వస్తారులెమ్మని పైకెక్కి విస్తరి నీళ్లలోకి వదిలాడు. కల్లు సీసా మాత్రం సగం దాకా తనే ఖాళీ చేసి వదిలాడు. అతనికి అది ఆ సీజనంతా చెప్పుకోవడానికి ఒక ముచ్చట అయింది. హుస్సేన్ బీ ఒడ్డు రాగానే దిగిపోయింది. ఊదుబత్తీలు కొంగులో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. తర్వాతి జుమ్మెరాత్ ఆమె రాలేదు. ఆ తర్వాతిది కూడా.

సైదులు కింద గది తలుపుకు గొళ్లెం పెట్టాడు. లోపల ఇంజన్ ఉంది, చప్పుడు చేస్తుంది, అంతకు మించి పైసా ఖర్చుపెట్టే విషయమేం లేదని అడిగినవాళ్లందరికీ చెప్పాడు. అలా చెప్పేసరికి లోపల ఏదో దాస్తున్నాడని ఇంకా ఎక్కువమంది ఎగబడ్డారు. జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే అదే అతను కోసిన కోతలన్నిటికంటే పెద్దది అనుకున్నారు.

సైదులు పోయి చేపలు పట్టే గాలయ్యను పట్టుకున్నాడు. నీళ్ల కింద ఊరెక్కడుందో వల వేసేవాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే మొండిగోడలున్న చోట వల చిక్కుకుని చిరుగుతుంది. బోడగుట్ట అవతల మడుగు వైపు పోతే వల బతకదని, అదే పీర్లగడ్డ అని గాలయ్య చెప్పాడు. లాంచి ఆ వైపు పోనే పోదు. సైదులు తనే గాలయ్య పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో, కూర్చుని పోయాడు, వెదురు గడ దింపి రాయి తగిలేదాకా చూశాడు. మర్నాడే బస్సెక్కి కాలనీకి పోయాడు.

హుస్సేన్ బీ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ముందు పలకరించింది వజీరా.

"ఈసారి ఏం చూపెడుతవు సైదులన్నా? జన్నతా?"

అతను తల ఎత్తలేదు. గాలయ్య సంగతి, వలల సంగతి, గడకు తగిలిన రాయి సంగతి చెప్పాడు. పుట్టి మాట్లాడి పెట్టానని, తనే తీసుకుపోతానని, మళ్లీ తీసుకొచ్చి దింపుతానని చెప్పాడు. చెబుతుంటే తనకే అర్థమైంది, ఇది కూడా అచ్చం మిగతా కథల్లాగే వినిపిస్తోందని.

హుస్సేన్ బీ తొడిమ తీయడం ఆపలేదు.

"నేను రాను బిడ్డా. ఒకపారి మోసపోయిన చెయ్యి ఇంకోపారి సాగుతలేదు. నువ్వే పో."

"నేను పోయి ఏం చేస్తనవ్వా?"

"నా మాటలన్ని నాచు కాడ ఒలకబోపిచ్చినవు గద. అవి తీస్కపోయి నా పెద్దోని కాడ చెప్పు. నీ దిక్కెల్లి ఒక్క మాట కలుపొద్దు."

అని వరసగా చెప్పింది. ఇంటికి కొత్త కప్పు వేసుకున్నారు. వజీరా బీడీలు చుట్టడం మానేసి కుట్టుమిషన్ నేర్చుకుంది. వాళ్ల నాయిన పోయేముందు పెద్దోణ్ణే తలుచుకున్నాడు. అమ్మకు మోకాళ్లు నొస్తున్నాయి గానీ ఫికర్ చేయాల్సిన పని లేదు. అంతే. సైదులు ఒక్కో మాటనూ పెదాలతో పలికి చూసుకున్నాడు. ఇంత చిన్న కథను మోయడం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు.

మరుసటి పొద్దున గాలయ్య పుట్టిని బోడగుట్ట దాటించి, గడ గుచ్చి ఆపాడు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. సైదులు అంచు దగ్గరికి జరిగి వంగాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఏందయ్యా, ఊరంత నోరు పెట్టుకోని గిప్పుడు మూగోనివైతివా?" అన్నాడు గాలయ్య.

"పిలగాన్ని ఏమని పిల్వాలె? వాని పేరేందో ఎన్నడూ అడగకపోతి."

"ఏదో ఒకటి పెట్టుకో. నీకు కొత్తనా?"

సైదులు నాలుక చివర పేర్లు వచ్చి నిలబడ్డాయి. ఒక్కదాన్ని కూడా బయటికి రానివ్వలేదు.

"పుట్టి మళ్లించు గాలయ్యా," అన్నాడు. "పోయి అవ్వను అడిగొస్త."