మా మరిది కొన్న మెత్తని బండి

మా మరిది కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మా ఆయనకు తమ్ముడు, ఆయనకంటే బాగా చిన్నవాడు. మా ఆయన పోయాక ఈ ఇంట్లో మిగిలింది ఇద్దరమే. కింద నేను, మేడ మీద గదిలో అతను, మధ్యలో ఇనుప మెట్లు. ఒకే ఇల్లు అని పేరే గానీ, వారానికి నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఆ వారం కబుర్లు ఎక్కువైనట్టే.

మాట్లాడడు కదా అని పొగరనుకోకండి. అతనికి పిలవడం రాదు. కూర కావాలంటే అడగడు, గిన్నె వైపు చూస్తాడు. చూస్తున్నాడని నేను గమనించాలి, గమనించి వడ్డించాలి. గమనించనట్టు ఊరుకుంటే ఉత్త అన్నం తిని లేచిపోతాడు.

పెళ్లి కూడా అలాగే తప్పిపోయింది. కొండమీది ఊళ్లో ఒక టైలరమ్మ ఉండేది. ఆవిడ మిషను నెల తిరిగేసరికి పాడయ్యేది. అన్నిసార్లు పాడయ్యే మిషను లోకంలో ఉండదని నాకు తెలుసు, ఆవిడకు తెలుసు, అతనికీ తెలుసు. అతను అడుగుతాడేమోనని ఆవిడ, ఆవిడ అడుగుతుందేమోనని ఇతను. చివరికి ఆవిడను ఇంకెవరో అడిగారు. ఆ తర్వాత ఆ మిషను ఎప్పుడూ పాడవలేదట.

అతని పని తిరుగుడు పని. నెలలో సగం రోజులు ఈ ఊరి వీధుల్లో, మిగతా సగం కొండదారి పట్టుకుని ఒక్కో ఊళ్లో ఒక్కో రాత్రి లాడ్జిలో. మోటారు సైకిలు వెనక సీటు మీద పనిముట్ల పెట్టె, పక్కన వేలాడే సంచిలో నూనె డబ్బా, సూదులు, బెల్టులు. వీధి మొదట్లో వేగం తగ్గించి చివరిదాకా నెమ్మదిగా పోతాడు, అక్కడ తిప్పుకుని వెనక్కి వస్తాడు. ఈలోగా పనున్నవాళ్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడతారు. నిలబడితే ఆగుతాడు, లేకపోతే సాగిపోతాడు. ఇన్నేళ్లలో ఒక్క గుమ్మం తట్టింది లేదు, ఒక్క కేక వేసింది లేదు.

ఇన్నేళ్లూ ఒకటే బండి. ఇనుప ముద్ద. తన్ని తన్ని లేపాలి. లేచిందంటే నా వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. ఆ బండే అతని నడుము విరిచింది. ఒక రోజు పొద్దున్న దాన్ని తన్నబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఎముకల డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. ఎక్కడ నొప్పో అడిగితే తప్ప చెప్పడు, అడిగినా సగమే చెబుతాడు.

డాక్టరు నడుము నొక్కి చూసి, "బండైనా మార్చు, పనైనా మార్చు," అన్నాడు.

ఇంటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, "బండి మారుస్తాను వదినా," అన్నాడు. పని మానితే అతనికి ఇంకేముంది? వీధుల్లో గేట్ల దగ్గర నిలబడే ఆ ఆడవాళ్లు, ఆ దర్జీలు, లాడ్జిలో తాళంచెవి ఇచ్చే ముసలాయన. అతన్ని చూడగానే నవ్వుముఖం పెట్టే మనుషులు వాళ్లే. నేను నవ్వుముఖం పెట్టే రకం కాదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

షోరూముకు బయలుదేరుతూ, "మీరూ రండి వదినా," అన్నాడు.

"నేనెందుకు? నన్ను నడపమంటావా?"

"వెనక కూర్చోడానికి."

"నీ వెనక ఎప్పుడన్నా ఎవరన్నా కూర్చున్నారా?"

"పెట్టె ఉంటుందిగా. పెట్టె, సంచి కలిపితే ఇంచుమించు మీ అంత బరువు."

ఇలాంటి పొగడ్త నా జన్మలో వినలేదు. చీర మార్చుకుని బయలుదేరాను.

మొదట చూపించిన బండి ఎర్రగా, ఎగరబోయే పిట్టలా ఉంది. ఎక్కితే ముందుకు వంగి, చేతుల మీద బరువు వేసి కూర్చోవాలి. వెనక నా సీటు అరచేయంత, అదీ అటక మీద. మరిది రెండు నిమిషాలు కూర్చుని, "కింద పడ్డ సూది వెతుక్కుంటున్నట్టుంది," అని దిగిపోయాడు.

"అమ్మగారూ, కుర్రాళ్లు దీనికోసం పడి చస్తున్నారు," అన్నాడు అమ్మేవాడు.

"చావనివ్వు బాబూ. ఇతనికి బతకాలని ఉంది."

రెండోది బాగా కిందికుంది. కాళ్లు ముందుకు చాపి, పడక కుర్చీలో వాలినట్టు కూర్చోవచ్చు. నాకు నచ్చింది. మరిది ఏం చేశాడనుకున్నారు, సంచిలోంచి న్యూస్ పేపరు తీసి ఆ బండి మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పాడు, మళ్లీ తిప్పాడు. అమ్మేవాడు నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. తర్వాత దాన్ని నడిపి చూస్తానన్నాడు. వాళ్లు నున్నటి రోడ్డు చూపిస్తే ఇతను తవ్వి వదిలేసిన సందు వెతుక్కుని, వెనక నన్ను పెట్టుకుని, ఆ చివరిదాకా పోయి వచ్చాడు. నా పళ్లు కట్టుడు పళ్లు కాబట్టి సరిపోయింది, సొంతవైతే రాలేవి.

"కాళ్లు ముందుకు చాపితే బరువంతా కూర్చున్న ఎముక మీదే పడుతోంది వదినా. గుంట వచ్చినప్పుడు కాస్త పైకి లేద్దామంటే పాదాల కింద ఆధారం లేదు," అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట విని ఎన్నాళ్లయిందో.

మూడోది చూడ్డానికి ఏమీ లేదు. బూడిద రంగు. కానీ కూర్చుంటే వీపు నిటారుగా ఉంది, చేతులు ఊరికే చాపిన చోటికి హ్యాండిల్ వచ్చింది, పాదాలు మోకాళ్ల కిందే ఆనాయి. సీటు పొడుగ్గా, బల్లలా చదునుగా ఉంది, వెనక పెట్టె కట్టుకోడానికి కడ్డీలున్నాయి. ఇక చూసుకోండి, పేపరు మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా చదివాడు. అమ్మేవాడు టీ తాగి వచ్చినా ఇతను దిగలేదు.

"సారుకి దుప్పటి తెప్పించమంటారా అమ్మా?"

"తెప్పించు. దిండు కూడా."

చివరికి తవ్విన సందులోకి పోదామని బటన్ నొక్కాడు. నాకేమీ వినపడలేదు. "లేచిందా?" అని అడిగాను.

"ఎప్పుడో లేచిందమ్మా. అదే దీని గొప్పతనం. పక్కన పసిపిల్లని పడుకోబెట్టినా మెలకువ రాదు," అన్నాడు అమ్మేవాడు. మరిది నవ్వాడు. నడుము పట్టేసిన దగ్గర్నుంచి అదే మొదటిసారి.

పాతదాన్ని మార్పిడికి అక్కడే వదిలేశాడు. కొత్తదాని మీద ఇంటికి వస్తుంటే మా వీధి గుంటలన్నీ ఎవరో పూడ్చేసినట్టుంది. మంచి బండే కొన్నాడు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

మర్నాడే కొండదారి పట్టాడు. అనుకున్న రోజుకంటే ముందే వచ్చేశాడు. నేను బట్టలు ఆరేయడానికి వాకిట్లోకి వస్తే పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఎప్పుడూ గోళ్ల సందుల్లో నల్లటి నూనెతో వచ్చేవాడు, రాతితో రుద్దినా పోయేది కాదు. ఆ రోజు కడుక్కోడానికి ఆ చేతులకు ఏమీ లేదు.

"ఏం, ముందే వచ్చేశావు?"

"పని లేదు."

"నడుం?"

"నడుం బాగుంది వదినా."

నడుం బాగుందని అంత దిగులుగా చెప్పిన మనిషిని నేను చూడలేదు.

తర్వాత ఈ ఊరి వీధుల్లోనూ అంతే. పొద్దున్న పెట్టె కట్టుకుని పోవడం, ఎండెక్కకముందే రావడం. ఒక రోజు భోజనం దగ్గర, నేనడక్కుండానే తనే అన్నాడు. "కొత్తరకం మిషన్లు వచ్చాయి వదినా. పాడవవు. పాడైనా పారేస్తారు. మొన్న పరదాలు కుట్టే ఆవిడ వీధిలో రెండుసార్లు తిరిగాను. ఒక్క గేటు తెరుచుకోలేదు."

"పోనీ ఎవర్నన్నా అడిగావా?"

గిన్నె వైపు చూశాడు. వడ్డించాను. తినలేదు.

ఆ పైన వెళ్లడం మానేశాడు. బండి మీద గుడ్డ కప్పాడు. మేడ మీద అడుగుల చప్పుడు కూడా తగ్గింది. ఉన్నాడా లేడా అని నేను మెట్ల దగ్గరికి పోయి చెవి పెట్టిన సందర్భాలున్నాయి. లోపల ఉన్న మనిషి కోసం అలా చెవి పెట్టడం కంటే, ఎవరూ లేని ఇంట్లో ఉండటమే నయం అనిపించేది. ఒక సాయంత్రం నీళ్లబాటిల్ ఇవ్వడానికి పైకెక్కితే, పనిముట్లన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కదానికి నూనె రాసి పాత లుంగీ ముక్కల్లో చుడుతున్నాడు, పసివాళ్లకు చుట్టినట్టు.

"ఎక్కడికి ప్రయాణం?"

"మెయిన్ రోడ్డు మీద మిషన్ల షాపాయన రమ్మన్నాడు. సోమవారం నుంచి."

"వెళ్లి ఏం చెయ్యాలి?"

"కౌంటరు దగ్గర కూర్చోవాలి. వచ్చినవాళ్లకు కొత్త మిషన్ల సంగతి చెప్పాలి."

"ఎవరు? నువ్వా? నోరు తెరిచి?"

ఇంకో ముక్క చింపి స్క్రూడ్రైవరుకు చుట్టాడు. ఆ షాపులో ఒక్క నెల కూర్చుంటే ఈ మనిషి ఎండిపోతాడని నాకు తెలుసు. తెలిసి చేసేదేముంది? పని లేనివాడికి పని ఎక్కడినుంచి తెస్తాను?

శనివారం మా గేటు దగ్గర పరదాలు కుట్టే ఆవిడ ఆయాసపడుతూ నిలబడింది. చంకలో దుప్పటి మూట, మూటలో మిషను. లోపలికి రాకుండానే గొంతు తగ్గించి, "పిన్నిగారూ, మీ మరిదిగారు... ఉన్నారా?" అంది.

"ఉండక ఎక్కడికి పోతాడు?"

"అదే, పోయారేమోనని మా వీధంతా అనుకుంటున్నాం."

"ఎవరు చంపారు? నిక్షేపంలా ఉన్నాడు."

"బండి చప్పుడు లేదుగా పిన్నీ. ఆ చప్పుడు వింటేనే కదా మేం మిషనాపి లేచేది. దారం తెగుతోందని వారం నుంచి చెవులు అటే వేసి కూర్చున్నాను. కొండమీది ఊళ్లో ఉండే మా అక్క కూడా ఫోన్ చేసి, ఆయనకేమైందే అని అడిగింది. అక్కడ నలుగురు మిషన్లు పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్నారట."

"మరి కబురు చెయ్యలేకపోయారా?"

"ఎక్కడికని చేస్తాం? ఆయన ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది? చెప్పకుండానే వచ్చేవారు కదా. ఈ ఇల్లు కూడా పదిమందిని అడిగి పట్టుకున్నాను."

వెనక ఇనుప మెట్టు కిర్రుమంది. మరిది మెట్ల మధ్యలో ఆగిపోయి ఉన్నాడు. అంతా విన్నాడు.

"మొన్న మీ వీధికి వచ్చాను," అన్నాడు మెల్లగా. "రెండుసార్లు తిరిగాను."

"వచ్చారా? మాకేం వినపడలేదే," అంది ఆవిడ.

ఇద్దరూ గుడ్డ కప్పిన బండి వైపు చూశారు. నేనూ చూశాను. అతను పైకెళ్లి పెట్టె తెచ్చి, నేల మీద కూర్చుని, మూట విప్పి, పెట్టెలోంచి లుంగీ ముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు.

ఆవిడ వెళ్లాక నేనన్నాను, "హారన్ కొట్టు."

"హారన్ కొడితే పక్కకి తప్పుకుంటారు వదినా. బయటికి రారు."

"పోనీ పాత బండి తెచ్చుకో."

"నడుం ఒప్పుకోదు."

"అయితే దిగి తలుపు తట్టు."

"పిలవకుండా ఒకరి గుమ్మంలోకి ఎలా పోతాను?"

నాకు ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ వాళ్లు పిలిస్తే వెళ్లాననుకుంటున్నావా? ముందు వీధి అదిరేలా నీ బండి కేకేసేది, ఆ తర్వాతే వాళ్లు పిలిచేవాళ్లు. ఆ మొదటి మాట నీ బదులు అది అనేది. ఇప్పుడది అనడం లేదు. నువ్వను. అనలేకపోతే సోమవారం పోయి కౌంటరు దగ్గర కూర్చో."

ఆదివారమంతా కిందికి రాలేదు. భోజనం పైకి పంపడానికి నాకు మాత్రం ఎవరున్నారు? కంచం మెట్ల మీద పెట్టి వచ్చాను. ఖాళీ కంచం అక్కడే కనిపించింది.

సోమవారం పొద్దున్న బండి మీద గుడ్డ తీసి, గుమ్మం ముందు నిలబడి దగ్గాడు. "వదినా, కాస్త నాతో వస్తారా?"

"పెట్టె ఉందిగా."

"పెట్టె మాట్లాడదు."

"నేనూ మాట్లాడను," అన్నాను. అని, చెప్పులేసుకున్నాను.

పెట్టెను నాకూ తనకూ మధ్య ఇరికించి, పాత వీధుల్లో ఒకదానికి తీసుకెళ్లాడు. పచ్చ తలుపు ఇంటి ముందు ఆపి, నా వైపు చూశాడు.

"నేను దిగను. మోకాళ్లు," అన్నాను. ఆ రోజు నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.

హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించాడు. గుమ్మం దాకా నడిచాడు. లోపల మిషను నడుస్తోంది. చెయ్యెత్తి, అది ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. ఆగలేదు. చెయ్యి దించాడు. మళ్లీ ఎత్తాడు. వెనక్కి తిరిగి నా వైపు చూస్తాడని తెలిసి నేను ఎదురింటి కిటికీ ఊచలు చూస్తూ కూర్చున్నాను.

తట్టాడు. మిషను ఆగింది.

"ఎవరూ?"

"నేను."

"నేనంటే?"

జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మిషన్లు బాగుచేసేవాణ్ణి," అన్నాడు. "ఏమన్నా పనుందేమో కనుక్కుందామని."

"ఏం లేదు నాయనా, బాగానే నడుస్తోంది," అని లోపలినుంచే అంది ఆవిడెవరో. తలుపు తియ్యలేదు. మిషను మళ్లీ మొదలైంది.

అతను ఆ మూసిన తలుపు ముందు ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి బండెక్కాడు. వెనకనుంచి నాకు మెడ మాత్రమే కనిపిస్తోంది. ఆ సందు చివర కుడికి తిరిగితే మెయిన్ రోడ్డు, అక్కడే ఆ షాపు. నేను నోరు మెదపలేదు. ఏం చెప్పినా అది నా మాట అవుతుంది.

బటన్ నొక్కాడు. లేచిందో లేదో నాకు తెలియలేదు, కదిలాక తెలిసింది. పక్కింటి ముందుకు పోయి ఆపాడు. ఈసారి నా వైపు చూడకుండానే దిగాడు.