తిట్టు కాని మాట

నాన్న నిడదవోలు స్టేషన్లో గూడ్స్ క్లర్కుగా పనిచేసేవారు. వ్యాగన్లు, లారీలు, బియ్యం బస్తాలు, కళాసీల కేకల మధ్య మెల్లగా చెప్పిన మాట ఎవరికీ వినపడదు కాబట్టి ఆయనకు అరవడం అలవాటైంది. అరవడంతోపాటు తిట్టడమూ అలవాటైంది. ఆ అలవాటు రైల్వే క్వార్టరు గుమ్మం దగ్గర ఆగేది కాదు. మా తమ్ముణ్ణి ఆయన పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఒరేయ్ వెధవా" అంటే అన్నానికి రమ్మని. "గాడిదా" అంటే సైకిలుకి తాళం వేశావా అని. నన్ను మాత్రం అమ్మా అనేవారు.

తమ్ముడు నవ్వేసేవాడు. నాన్న ఇంట్లో లేనప్పుడు అచ్చం ఆయన గొంతుతోనే అమ్మని కాఫీ అడిగేవాడు.

డిగ్రీ అయ్యాక వాడు ఉద్యోగాల కోసం తిరగలేదు. తనతో చదువుకున్న స్నేహితుడితో కలిసి రాజమండ్రిలో, దేవీచౌక్ దగ్గర ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు పెట్టాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. స్నేహితుడు ఊళ్ళు తిరిగి పని తెచ్చేవాడు. కంప్యూటరు ముందు కూర్చునేది తమ్ముడు. వాడు రోజూ ప్యాసింజర్లో వెళ్ళి వచ్చేవాడు. నేను నిడదవోల్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం వాడొచ్చాక వరండాలో కూర్చుని ఆ రోజు ఏం చేశాడో నాకు చెప్పడం వాడికి ఇష్టం.

గోదావరి జిల్లాలవాళ్ళ కోసమని వాళ్ళిద్దరూ సొంతంగా ఒక సైటు పెట్టారు. రైళ్ళ వేళలు, అన్నవరం వెళ్ళే బస్సులు, కల్యాణ మండపాల ఫోన్ నెంబర్లు, ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఇళ్ళు, ఇలాంటివన్నీ అందులో ఉండేవి. చివర్న ఒక పేజీ, ఎవరైనా వచ్చి తమ మాట రాసుకోవచ్చు. అప్పట్లో తెలుగు అక్షరాలు కంప్యూటర్లో సరిగా వచ్చేవి కావు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు.

మొదట్లో ఊళ్ళ కబుర్లు రాశారు. తర్వాత సినిమా హీరోల అభిమానులు దిగారు. ఆ తర్వాత తిట్లు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. సైటుకి ప్రకటన ఇచ్చిన భీమవరం రొయ్యల వ్యాపారి ఒకాయన్ని కూడా ఎవడో పేరు చెప్పకుండా బూతులు తిట్టాడు. ఆయన ఫోన్ చేసి కోప్పడలేదు. "మా ఇంట్లో ఆడపిల్లలు కూడా చూస్తారండి. ఏదోటి చెయ్యండి" అన్నాడట. ఆ మాటకి తమ్ముడు బాగా సిగ్గుపడ్డాడు.

అప్పుడు రాశాడు ఆ ప్రోగ్రాం. ఎవరైనా రాసినదాంట్లో బూతుమాట ఉంటే, అది పేజీలోకి ఎక్కేలోపే ఆ అక్షరాల స్థానంలో చుక్కలు పెట్టేస్తుంది. అది పెట్టిన మర్నాటికే జనం అక్షరాల మధ్య చుక్కలు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు. దానికి వాడు విరుగుడు కనిపెడితే, ఒక అక్షరాన్ని సాగదీసి తిట్టారు. "తిట్టేవాడికున్న ఓపిక ఇంకెవడికీ ఉండదక్కా" అనేవాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర నాన్ననే అడిగాడు.

"నాన్నగారూ, గూడ్స్ షెడ్డులో వాడే మాటలు కొన్ని చెప్పండి. ఆఫీసులో పనికొస్తాయి."

"వెధవ్వేషాలు వెయ్యకు. అన్నం తిను."

"ఆ మాట ఎప్పుడో జాబితాకి ఎక్కించేశానండి. కొత్తవి కావాలి."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న తలొంచుకుని మజ్జిగ కలుపుకున్నారు. ఆయన కూడా నవ్వుతున్నారని నాకు తెలుసు.

ఆ వానాకాలంలోనే తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మాత్రలు వేసుకుని ఆఫీసుకి కూడా వెళ్ళాడు. తర్వాత లేవలేకపోయాడు. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చేసరికి రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. స్నేహితుడు ఊరంతా తిరిగి రక్తం ఇచ్చేవాళ్ళని తీసుకొచ్చాడు. నాన్న ఆసుపత్రి వరండాలో నిలబడే ఉన్నారు, ఎవరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. లోపలికి వెళ్ళినప్పుడు వాడి పాదం పట్టుకుని "ఒరేయ్, లేరా" అన్నారు. వాడు కళ్ళు తెరిచాడు కానీ ఎవర్నీ చూడలేదు. తెల్లవారి పోయాడు.

పెద్దకర్మ అయ్యాక స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. సైట్లో తమ్ముడి గురించి చాలామంది రాస్తున్నారని, ముఖం కూడా చూడనివాళ్ళు రాస్తున్నారని చెప్పాడు. ఒకరికొకరు అమ్మానాన్నల్ని కలిపి తిట్టుకున్న కుర్రాళ్ళు కూడా మర్యాదగా రాశారన్నాడు. నాన్న అంతా విని అడిగారు.

"అందులో నేను రాయొచ్చా బాబూ?"

"రాయొచ్చండి. తప్పకుండా రావాలండి."

నాన్నతో నేనూ వెళ్ళాను. రైల్లో బ్రిడ్జి దాటేదాకా ఆయన కిటికీలోంచి ఎర్రటి నీళ్ళనే చూస్తూ కూర్చున్నారు. మేడ మెట్లెక్కి ఆ గదిలోకి వెళ్ళడం ఆయనకదే మొదటిసారి. తమ్ముడు ఎన్నోసార్లు పిలిచాడు. ఆదివారమొస్తే ఒళ్ళు నొప్పులనేవారు.

స్నేహితుడు తమ్ముడి కుర్చీ తుడిచి వేశాడు. ఆఫీసులో టైపు మిషను మీద పనిచేసిన చెయ్యి కాబట్టి నాన్నకి అక్షరాలు వెతుక్కునే పని లేదు. అయినా చాలాసేపు పట్టింది. రాసి, చెరిపి, మళ్ళీ రాశారు. మేమిద్దరం దూరంగా కిటికీ దగ్గర నిలబడ్డాం. చివరికి "ఇప్పుడేది నొక్కాలి?" అని అడిగారు. స్నేహితుడు వెళ్ళి చూపించాడు.

పేజీ వచ్చింది. నాన్న కళ్ళజోడు సరిచేసుకుని ముందుకి వంగారు. నేనూ వెళ్ళి చూశాను.

"అందరికీ నమస్కారం. ఈ పేజీ తయారుచేసినవాడు నా ...... తెలివైనవాడు. ఆ సంగతి నా ......కి నేనెప్పుడూ చెప్పలేదు."

నాన్న నావైపు తిరిగారు. ఆయన ముఖంలో భయం చూశాను, ఏదో తప్పు చేసి పట్టుబడ్డ మనిషిలాగా.

"నేను తిట్టలేదమ్మా" అన్నారు. "కొడుకు అని రాశాను. అంతే. నేనేం తిట్టలేదు."

నాకు వెంటనే అర్థమైంది. ఒక సాయంత్రం వరండాలో తమ్ముడు చెప్పిన మాట. "తెలుగు తిట్లకి తోక చివర కొడుకే ఉంటాడక్కా. ఒకడు ముందు కుక్కని పెడతాడు, ఒకడు గాడిదని పెడతాడు. తలలన్నీ ఎక్కడ వెతుకుతాను? తోక పట్టుకుంటే పోతుంది." మంచి అర్థంలో రాసేవాళ్ళుంటే ఎలాగని నేనడిగితే, ఈ పేజీలోకి వచ్చి కొడుకుల గురించి ఎవరు రాస్తారని నవ్వాడు.

ఇదంతా నాన్నకి మెల్లగా చెప్పాను. ఆయన తలూపారు గానీ, చూపు ఆ చుక్కల మీంచి తియ్యలేదు.

స్నేహితుడు ఏడుస్తూనే తమ్ముడు రాసిన ప్రోగ్రాం తెరిచి ఆ మాట ఒకటి తీసేశాడు. కానీ కంప్యూటరు లోపల దాచుకున్నది కూడా చుక్కలుగానే ఉంది. అసలు మాట ఎక్కడా మిగల్లేదు. "ఇంకొక్కసారి రాయండి బాబాయ్ గారూ, ఈసారి సరిగ్గా వస్తుంది" అని బతిమాలాడు.

నాన్న కుర్చీలోంచి లేచారు.

"ఒకసారి రాశాను కదా బాబూ. మళ్ళీ నావల్ల కాదు."

నేను రాస్తానన్నాను. వద్దని చెయ్యి ఊపారు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ అడిగింది, ఏం రాశారని. నాన్న ఉయ్యాలబల్ల మీద కూర్చుని, రాసినదంతా ఒక్క ముక్క పోకుండా చెప్పారు. చుక్కల సంగతి చెప్పలేదు. అమ్మ బియ్యం ఏరడం ఆపి విన్నది.

"వాడున్నప్పుడు అని ఉంటే బాగుండేదండీ" అంది. కోపంగా అనలేదు.

తర్వాత ఏడాదికి స్నేహితుడికి పెళ్ళయింది. భీమవరంలో మామగారి చెరువుల వ్యాపారం చూసుకోవడానికి వెళ్ళాడు. సైటు నడిపేవాళ్ళు లేక ఆగిపోయింది. నాన్న రాసిన ఆ నాలుగు ముక్కలూ దాంతోపాటే పోయాయి. కాగితం మీదకి ఎక్కించి పెట్టమని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

నాన్న ఇంకా ఉద్యోగంలో ఉండగానే, ఒక మధ్యాహ్నం గూడ్స్ షెడ్డు మేస్త్రీ మా క్వార్టరుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అమ్మతో మెల్లగా అన్నాడు.

"అయ్యగారు మమ్మల్ని తిట్టడం మానేశారండి. బస్తా జారిపడ్డా ఏమీ అనట్లేదండి. మావల్ల ఏదైనా తప్పు జరిగిందేమోనని అందరూ బెంగపడుతున్నారండి."

"మీ తప్పేం లేదు నాయనా" అంది అమ్మ, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ.

పెరట్లో నాన్న కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆ మాటలు ఆయనకు వినపడే ఉంటాయి. మేస్త్రీ వెళ్ళిపోయాక కూడా నీళ్ళ చప్పుడు ఆగలేదు. చివరికి అమ్మే వెళ్ళి కుళాయి కట్టేసి, ఆయన చేతికి తువ్వాలు ఇచ్చింది.