ఐదో పట్టీ

పోయిన వారం మా బడికి ఫోను వచ్చింది. చిత్తూరు నుంచి తమ్ముడు. "అక్కా, పరుపుల మామ పొయినాడు. మాపటికి ఎత్తుతారంట. బెరీన రా" అన్నాడు. తిరుపతి బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక తట్టింది, ఆయన్ని చూడ్డానికి రైల్లో పోవాల్సిందని. కాని రైలు కోసం కాచుకుంటే ఆయన్ని చూడలేను. ఆ మాట మనసులోకి రాగానే, పక్కన కూర్చున్నావిడ ఏమనుకుంటుందోనని కూడా చూడకుండా ఏడ్చేశాను.

మామ అంటే చుట్టరికమేమీ లేదు. చిత్తూరులో మా ఎదురిల్లు. దూదేకులవాళ్లు. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. పొద్దున్నే వాళ్ల ముందు గదిలో దూదేకే విల్లు మోగాకే మా ఇంట్లో కాఫీకి నీళ్లు పడేవి. ఎవరింటికి పోయినా ముందు దిండు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసేవాడు. "ఇదేంది పాపా, రాయి మింద పండుకోనుండావా?" అని దాన్ని చంకలో పెట్టుకుపోయి, మెత్తగా చేసి తెచ్చేవాడు. చేతిపని మంచిదే గాని, చెప్పిన నాటికి ఇచ్చిన పాపాన పోలేదు. ఎవరు నిలదీసినా రైలు స్టేషను వైపు చెయ్యి చూపి ఒకటే మాట. "తొందరేముండాది, బండి రేపు గూడా వస్తాది." ఒకసారి పెళ్లికూతురి తండ్రి నెత్తి బాదుకున్నాడు. "బండి వస్తాదప్పా, ముహూర్తం వస్తాదా?"

ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని. కీళ్లవాతంతో కాళ్లు రెండూ ముడుచుకుపోయి మంచం దిగలేకపోయేది. చంకల కింద చేతులేసి లేపితే ప్రాణం పోయినట్టు అరిచేది. ఆమెకున్న కోరిక ఒక్కటే, కాళహస్తిలో ఉన్న అక్కను చూడాలని. ఆ అక్కకు కళ్లు పోయాయి, ఇక్కడికి రాలేదు. "దానికి సూపు లేదు, నాకు నడక లేదు. మా ఇద్దర్నీ కలిపితే గాని ఒగ మనిషి కాదు" అని నవ్వేది అత్త.

బస్సు కుదుపులు ఆమె ఓర్చుకోలేదు. మీటరు గేజి ప్యాసింజరైతే పడుకోబెట్టి తీసుకుపోవచ్చు. తిరుపతిలో బండి మారాలి గాని, అక్కడ నిదానంగా దించుకోవచ్చు. చిక్కంతా చిత్తూరులో ఎక్కించడమే. మామ గుడ్డ కొలిచే గజంబద్ద పట్టుకుని స్టేషనుకు పోయి, బండి ఆగగానే మెట్టు ఎత్తు కొలిచి వచ్చేవాడు. సామాన్ల పెట్టెకు తలుపు పెద్దది, అందులో పెట్టుకుపొమ్మని ఎవరో సలహా ఇస్తే మండిపడ్డాడు. "మూటల్లో మూటగా పోడానికి నా పెండ్లామేమన్నా దూది బస్తానా?"

చివరికి తన పనిలోంచే దారి వెతుక్కున్నాడు. పరుపులకు వాడే చారల గుడ్డను రెండు మడతలు వేసి, మధ్యలో పలచగా దూది పరిచి, నాలుగు మూలలా మంచాలకు అల్లే నవారుతో పట్టీలు కుట్టాడు. అత్త పడుకున్నట్టే పడుకుంటుంది. ఒంటి మీద పరాయి చెయ్యి పడదు. పట్టీలు ఆగుతాయో లేదో చూడ్డానికి నన్ను అందులో పడుకోమన్నాడు. "నువ్వు మీ అత్త కంటే బరువు పాపా. నిన్ను మోసినామంటే దాన్ని మోసినట్టే." బడిలో పాఠాలు చెప్పేదాన్ని, వీధి మొదలు దాకా ఊగుతూ పోయి వచ్చాను. జనమంతా అరుగుల మీదికొచ్చి నవ్వారు.

అత్త మాత్రం నవ్వలేదు. "నలుగురు మోసేది నేను పొయినాక. బతికుండగా నాకొద్దు" అంది.

మామ మర్నాటికల్లా తల వైపు ఇంకో పట్టీ కుట్టాడు. జన్మలో ఆయన ఒక్కరోజులో చేసి ఇచ్చిన పని అదే. ఆ పట్టీ బరువేమీ మొయ్యదు. "ఇప్పుడు అయిదుగురం. పీనుగను అయిదుగురు మోసేది యాడన్నా సూసినావా?" అన్నాడు. అత్త ఒప్పుకుంది.

ఆ ఆదివారమే బయల్దేరాం. మా నాయన, తమ్ముడు, మామ కొడుకు, టీ కొట్టాయన నాలుగు పట్టీలు పట్టారు. ఇంట్లోంచి జట్కా దాకా, జట్కాలోంచి ప్లాట్‌ఫారం దాకా మామ ఐదో పట్టీ పట్టుకుని ఆమె తల పక్కనే నడిచాడు. అత్త సిగ్గుతో మొహం మీద కొంగు కప్పుకుంది. దారి కనబడదు గదా, అందుకని ఆయనే చెప్తూ వచ్చాడు. "గడపొచ్చింది. ఇప్పుడు మెట్టు. ఏం లేదు, నేనుండా."

బండి వచ్చింది. ఇద్దరు ముందే ఎక్కి పట్టీలు అందుకున్నారు. ఇద్దరు కింద నుంచి ఎత్తారు. అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప. ఆ తలుపులో ఒక మనిషికే చోటు. ఐదో పట్టీతో మామ మెట్టు మీదే ఆ తలుపుకు అడ్డంగా నిలబడిపోయాడు. అత్త లోపలికి పోవాలంటే ఆయన తప్పుకోవాలి. తప్పుకోవాలంటే పట్టీ వదలాలి. "ఇడువు మామా, ఇడువు!" అని అందరం అరిచాం. కొంగు కింద నుంచి అత్త "యాడుండావయ్యా?" అంది. ఇక ఆయన వదల్లేదు. గార్డు ఈల వేశాడు. అత్తను మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి దించాం. బండి వెళ్లిపోయింది.

"పట్టు ఇడిస్తే అది బయపడతాదని..." అన్నాడు నాతో, తల వంచుకుని. కాసేపటికి తేరుకుని, "పోనీలే, బండి రేపు గూడా వస్తాది. ఈ తూరి నేనే ముందెక్కి లోపల్నించి మాట్లాడతా" అన్నాడు.

తర్వాత పెళ్లిళ్ల కాలమొచ్చి పరుపుల పని మీద పడింది. ఆపైన వానలు. తడి రోజుల్లో అత్తను కదిపే వీల్లేదు. నాకు తిరుపతికి బదిలీ అయింది. దసరా సెలవుల్లో పోయి గుర్తు చేస్తే, "రంజాను కానీ పాపా, పోదాం" అన్నాడు. బండి రోజూ వస్తూనే ఉంది. ఆయన మాట అబద్ధం కాలేదు, కాని ఆ మాటంటే నాకిప్పుడు గిట్టదు. ఆ రోజు తలుపులో ఆయన గుప్పిట తెరిచి ఉంటే అక్కచెల్లెళ్లిద్దరూ ఒక పూట పక్కపక్కన కూర్చుని ఉండేవాళ్లు కదా అని కోపం వస్తుంది. పోయినవాడి మీద కోపమేమిటని మళ్లీ నన్ను నేనే తిట్టుకుంటాను. పెళ్లాం భయపడుతుందని రైలునే పోనిచ్చినవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు. కాళహస్తిలో ఆ అక్క ఇంకా ఉంది.

నేను చేరేసరికి ఆయన్ని ముందు గదిలో, విల్లు తగిలించే గోడ పక్కన పడుకోబెట్టి ఉన్నారు. లోపలి గదిలోంచి అత్త "ఆ పట్టీల గుడ్డ తీండి" అంది. మా అమ్మ, నేను, ఆమె కోడలు, పక్కింటావిడ నాలుగు పట్టీలు పట్టుకున్నాం. ఐదోది నేల మీద జీరాడింది. అత్త చెయ్యి చాచి దాన్ని పైకి లాక్కుని తన చేతికే చుట్టుకుంది. ఈసారి మొహం మీద కొంగు కప్పుకోలేదు.

ఆయన పక్కనే దించాం. చాలాసేపు చూసింది. ఏడవలేదు. మగవాళ్లు వచ్చారు. నలుగురు ఆయన్ని ఎత్తుకున్నారు. వాళ్లు గుమ్మం వైపు కదులుతుంటే అత్త ఆ పట్టీని పిడికిట్లో బిగించి, ఆయనకు మాత్రమే వినపడాలన్నట్టు మెల్లగా చెప్పసాగింది.

"గడపొచ్చింది. ఇప్పుడు మెట్టు. ఏం లేదు, నేనుండా."