ఆయన చెప్పలేదండి

కోర్టులో సాక్షి తాను కళ్ళారా చూసిందే చెప్పాలి, చెవులారా విన్నదే చెప్పాలి. ఎవరో చూసి చెప్తే తెలుసుకున్నది సాక్ష్యం కిందికి రాదు. చట్టం పేరు ఈమధ్యే మార్చారు గానీ ఈ నియమం మారలేదు. మా లాయరుగారు ఈ సంగతి మా అత్తగారికి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆవిడ ప్రతిసారీ బుద్ధిగా తలూపి, "అలాగేనండి, మా ఆయన కూడా అదే చెప్పేవారు" అనేది.

నాకు ఒళ్ళు మండిపోయేది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పంటకాలువకీ మా చేనుకీ మధ్య వేరేవాళ్ళ చేను ఉంది. ఆ చేను అంచు వెంట ఒక బోదె, అంటే మోకాటి లోతు పిల్లకాలువ, మా చేనుకి నీళ్ళు తెచ్చేది. దాన్ని ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. నీళ్ళు కిందికి పారాలి కాబట్టి పారనిచ్చారు, అంతే. ఆ చేనువాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. కొన్నాయన చేపల చెరువుకని పొక్లెయిను తెప్పించి, ఎత్తుగా గట్టు పోయించి, మా బోదెను ఆ గట్టు కింద పూడ్చేశాడు. అదేంటండీ అని అడగబోతే రిజిస్టరయిన దస్తావేజు తెచ్చి మా ముందు పెట్టాడు. "ఇందులో బోదె ఎక్కడుందో చూపించండి" అన్నాడు. లేదు. సర్వే పటంలో పెద్ద కాలువ ఉంది గానీ బోదె లేదు. నీళ్ళు రాకపోతే మా చేను బీడైపోతుంది. బీడయ్యాక దాన్ని కూడా చెరువులో కలుపుకోవచ్చని ఆయన కాసుక్కూర్చున్నాడని ఊరందరికీ తెలుసు.

"దస్తావేజులో రాసినదానికి ఎదురుగా నోటిమాట చెల్లదమ్మా" అన్నారు మా లాయరుగారు. "కానీ అందులో బోదె ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. కాగితం ఊరుకుంది కాబట్టి మనుషులు చెప్పొచ్చు. ఏళ్ళ తరబడి ఆ బోదె నీళ్ళతోనే పండించామని, ఆ నీళ్ళు పెట్టినవాళ్ళే బోనెక్కి చెప్పాలి."

నీళ్ళు పెట్టినవాళ్ళు ఎవరన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

పోయిన మా మామగారికి ఊళ్ళో మంచి రైతని పేరు. ఇస్త్రీ పంచె కట్టుకుని రైసుమిల్లు అరుగు మీద కూర్చుని పదిమంది తగువులూ తీర్చేవారు. మంచి మనిషి, నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆయన చేలోకి దిగగా నేను చూడలేదు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, ఇంకా తెలతెలవారుతుండగానే అత్తగారు పార పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయేది. ఎండెక్కే లోపల తిరిగొచ్చి, కాళ్ళ బురద కడుక్కుని, చీర మార్చుకుని, ఏమీ ఎరగనట్టు కాఫీ కలిపేది. "ఎవరన్నా వస్తే మావయ్యగారు చేలోకెళ్ళొచ్చి నడుం వాల్చారని చెప్పమ్మా" అనేది. ఆ మావయ్యగారు అప్పటికింకా దుప్పటి ముసుగు తీసుండేవారు కాదు.

ఊడుపులకొచ్చే ఆడవాళ్ళకి తెలుసు, పక్క చేనువాళ్ళకి తెలుసు. భూమీ పుట్రా ఉన్న ఇంటి ఆడది బురదలో దిగిందంటే ఇంటికి పరువు తక్కువ. అందుకని అందరూ తెలిసీ తెలియనట్టే ఉండేవారు. "మీ ఆయనగారు దాళ్వా పంట భలే పండించారండీ" అని ఆవిడ మొహం మీదే అనేవారు. ఆవిడ మురిసిపోతూ "అవునండి, ఆయన చెయ్యి మంచిది" అనేది. తాను వేసిన గట్టు ఆయన వేయించింది, తాను మూసిన తూము ఆయన మూయించింది. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. తప్పు జవాబుకి మార్కులు వేయడం నా వల్ల కాదు. ఈ విషయం మీద ఆవిడతో ఎన్నోసార్లు దెబ్బలాడాను. "నేను చేశానంటే ఏమొస్తుందమ్మాయ్, పంటొస్తే చాలదా?" అని తీసిపారేసేది.

కోర్టులో ముందుగా ఇవ్వాల్సిన ప్రమాణ పత్రం రాయించేటప్పుడు అసలు గొడవ మా ఇంట్లోనే జరిగింది. ఉన్నదున్నట్టు రాయిద్దామన్నాను. మావారు ఒప్పుకోలేదు.

"పోయినాయన పేరు ఇప్పుడు బజారుకీడుస్తావా?" అన్నారు.

"మీకు పేరు కావాలా, చేను కావాలా?"

"రెండూ కావాలి."

చివరికి ఆయన మాటే నెగ్గింది. నా భర్త సాగు చేసేవారు, నీళ్ళు ఆయనే పెట్టించేవారు అని రాయించారు. అత్తగారు దాని మీద సంతోషంగా సంతకం పెట్టింది.

క్రాస్ ఎగ్జామినేషన్ రోజున అవతలి ప్లీడరుగారు ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు. అంత మర్యాద చూసే నాకు భయం పట్టుకుంది.

"అమ్మగారూ, తూము తీసిందీ మూసిందీ మీ భర్తేనాండీ?"

"ఆయనేనండి."

"ఏ వైపు నుంచి నీళ్ళొచ్చేవో మీకు ఆయనే చెప్పేవారు."

"అన్నీ ఆయనే చెప్పేవారండి."

"అంటే ఆయన చెప్తేనే మీకు తెలుసు."

"అవునండి" అంది ఆవిడ, మొగుణ్ణి మెచ్చుకున్నందుకు పొంగిపోతూ.

మా లాయరుగారు పెన్ను మూసేశారు. జడ్జిగారు ప్రతి ముక్కా టైపిస్టుకి చెప్పి రాయించారు. అంతలో భోజనాల వేళయింది, మిగతాది మధ్యాహ్నమన్నారు.

క్రాస్ మధ్యలో ఉండగా సాక్షితో కేసు సంగతి ఎత్తకూడదని లాయరుగారు నన్ను గట్టిగా హెచ్చరించారు. కోర్టు వరండాలో ఓ మూల కూర్చుని క్యారేజీ విప్పాను. పెరుగన్నంలో మాగాయ ముక్క వేసి ఆవిడ చేతికిచ్చాను. ఆ పూట నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. కళ్ళ ముందే చేను చేజారిపోతుంటే ఇంకో ముక్క వేయమంటారా అని అడగడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఆవిడే ఎత్తింది. "ఆ ప్లీడరుగారు అడిగేవన్నీ మావయ్యగారిని అడగాల్సినవి లాగున్నాయేంటమ్మాయ్?"

"నేను మాట్లాడకూడదత్తయ్యా."

చేతిలోని ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది. "ఆయనొచ్చి చెప్పరు కదా" అంది. ఆ తర్వాత, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టుగా, "నేను చేసిందంతా ఆయన పేరున వేసుకుంటూ వచ్చాను. ఆయనతోటే అదీ పోయిందన్నమాట" అంది. నాకు ఏడుపొచ్చింది. మాగాయ కారమని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

మధ్యాహ్నం ప్లీడరుగారు చివరి ప్రశ్నకొచ్చారు. "మీరు ఇంటిపట్టున ఉండే మనిషి. ఏనాడూ చేలోకి దిగలేదు. మీ భర్త చెప్పిన మాటలే ఇక్కడ అప్పజెప్తున్నారు. అంతేకదండీ?"

"కాదండి."

"ఏది కాదు?"

"చేలోకి దిగనిది ఆయనండి. నేను కాదు."

ప్లీడరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆవిడ బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది. "తూము నేనే తీశానండి, నేనే మూశాను. ఎండ్రకాయలు గట్టుకి బొక్కలు పెడితే నేనే మట్టి కుక్కాను. ఆ బోదెలో నీళ్ళు నా కాళ్ళ మీంచి పారాయి. నేను చూశానండి. ఒకరు చెప్తే విన్నది కాదు."

"అయితే పొద్దున్న చెప్పింది అబద్ధమా?"

"అబద్ధమేనండి. కాపరానికొచ్చినప్పట్నుంచీ అదే చెప్తున్నాను."

ఆయన నవ్వి కూర్చున్నారు. ఆయనకి కావలసింది దొరికింది మరి. అబద్ధమాడానని తన నోటితోనే ఒప్పుకున్న సాక్షిని ఎవరు నమ్ముతారు? మావారు లేచి బయటికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ హాల్లో గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది.

సాక్షి చెప్పింది టైపు చేశాక చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. గుమాస్తా తెలుగులో చదువుకుంటూ వచ్చి, "నా భర్త చెప్పిన ప్రకారం నేను ఆ బోదె ద్వారా నీళ్ళు పెట్టేదాన్ని" అన్నాడు. జడ్జిగారి నోటే అలా వచ్చిందో, టైపిస్టు చేతిలో అలా పడిందో నాకు తెలియదు. అందరికీ అదే సహజంగా తోచిందేమో. అత్తగారు పెన్ను కింద పెట్టేసింది.

"ఆయన చెప్పలేదండి" అంది జడ్జిగారితో. "ఆ మాట తీసేయించండమ్మా."

అవతలి ప్లీడరుగారు లేచి అభ్యంతరం చెప్పారు. జడ్జిగారు వయసులో చిన్నావిడ. ఆయన్ని కూర్చోమని చేత్తో సైగ చేసి, అత్తగారి వైపు తిరిగి, "ఇందాక మీరు నిజంగా ఆ మాట అన్నారా, అనలేదా?" అని అడిగారు.

"అనలేదండి. ఆయన చెప్తే నేను చేయలేదు. నాకు తోచి నేను చేశాను. అది ఉంటే నేను సంతకం పెట్టను."

ఆ మాట కొట్టేయించారు. పక్కన జడ్జిగారు తన పొట్టి సంతకం చేశారు. ఆ తర్వాతే మా అత్తగారు, చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, తన పూర్తి పేరు రాసింది.

తీర్పు ఇంకా రాలేదు. గెలుస్తామని లాయరుగారు అనరు, ఓడతామనీ అనరు. ఆ సాయంత్రం ముగ్గురం బస్సులో ఇంటికొచ్చాం. దిగేటప్పుడు మావారు, "ఊళ్ళో ఇంక నాన్నగారి మాట ఎలా ఎత్తేది?" అన్నారు. "మంచాయనని చెప్పరా, మంచాయనే" అంది ఆవిడ. "రైతని మాత్రం చెప్పకు."

మర్నాడు కాఫీలయ్యాక ఆవిడ పార తీసుకుంది. గట్టు అవతల బోదె పూడిపోయింది గానీ మా చేనులోకి వచ్చే కొస అలాగే ఉంది, తుంగ మొలిచి ఉంది. దాన్ని బాగుచేయాలంది. చుక్క నీరు రానిదానికి ఎందుకత్తయ్యా అంటే, నీళ్ళొచ్చేనాటికి సిద్ధంగా ఉండొద్దా అంది. నేను అలవాటు కొద్దీ పెరటి తలుపు గడియ తీశాను. ఆవిడ అటు రాలేదు, వీధి గుమ్మం దిగింది. నేనూ కొడవలి పట్టుకుని వెంట పరిగెత్తాను.

రైసుమిల్లు అరుగు మీద ఎప్పటి మనుషులే కూర్చుని ఉన్నారు. పార భుజాన వేసుకుని బాగా పొద్దెక్కాక నడిచొస్తున్న ఆవిణ్ణి చూసి మామగారి స్నేహితుడొకాయన లేచి నిలబడ్డాడు. "ఇదేంటండీ అమ్మగారూ, ఆయన పోయాక మీకీ పాట్లేంటి?" అన్నాడు, జాలిగా.

ఆవిడ ఆగలేదు.

"ఆయనున్నప్పుడూ నేనేనండి."