డోల్బో ఈల

పాతకాలపు కొరియాలోని బెక్జే రాజ్యచరిత్రలో యుద్ధాలకూ బౌద్ధాలయాలకూ దక్కిన చోటు డోల్బో ఈలకు దక్కకపోవడం చరిత్రకారుల లోపమే అనుకోవాలి. రాజధాని సాబి నగరానికి ఎగువన, నది గట్టున, డేగతో నెమలికోళ్లను వేటాడి బతికేవాడు డోల్బో. పొద్దున్నే గుమ్మం దాటి, నడుం విరుచుకుని, ఆకాశంకేసి ఒక ఈల వేయడం అతని అలవాటు. ఆ ఈలకు డేగ తోకకు కట్టిన గంట మోగించుకుంటూ వచ్చి చేతిమీద వాలేది. పక్కింటి కోళ్లు ప్రాణాలు రెక్కల్లో పెట్టుకుని చూరు కిందికి దూరేవి.

ఆ చలికాలం రాజుగారికి బుద్ధుడి కరుణ ఒంటబట్టింది. ప్రాణి అన్నదాన్ని ఎవరూ చంపకూడదని చాటింపు వేయించారు. గట్టున వలలు తగలబడ్డాయి. వేటడేగలను వదిలేయమన్నారు. డోల్బో కొండమీదికి వెళ్లి, డేగ కాళ్ల తోలుపట్టీలు విప్పాడు. గంట విప్పడానికి మాత్రం చేతులు రాలేదు. ఊరంతా ముల్లంగి చారుతో పుణ్యం సంపాదించుకోసాగింది.

మర్నాడు గుమ్మం దాటాడు, నడుం విరిచాడు, అలవాటు కొద్దీ ఈల వేశాడు. గంట మోగింది. ఊరిపెద్ద గిల్మో కూడా విన్నాడు.

"ఏం మావా, వదిలేశానన్నావు?"

"వదిలేశానయ్యా. అదే వచ్చింది."

"పిలిస్తే రాక ఏం చేస్తుంది? చూడు, దాన్ని చంపడానికి వీల్లేదు, రాజాజ్ఞ. నిన్ను కొట్టడానికి అడ్డేమీ లేదు. మళ్లీ గంట వినబడిందా, నీకు కర్రదెబ్బలు, దానికి బుట్టలో సరిహద్దు దాకా ప్రయాణం!"

దెబ్బల సంగతి డోల్బో పట్టించుకోలేదు. సరిహద్దు దాటించారంటే డేగ ఇక కంటికైనా కనబడదు. అందుకని అలవాటు మీద యుద్ధం ప్రకటించాడు. ఆ యుద్ధానికి సేనాపతి అతని భార్య అజి. పొద్దున్నే అతని నోట్లో లావుపాటి ముల్లంగి ముక్క కుక్కేది.

"ఇప్పుడు వెయ్యవయ్యా ఈల, చూస్తాను."

"మ్మ్."

"అదీ! కాపురానికొచ్చాక ఈ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండటం ఇదే."

డేగ కొన్నాళ్లు కొండ అంచున తిరిగింది. డోల్బో నములుతూ చూసేవాడు. కళ్లలో నీళ్లెందుకని అడిగితే ముల్లంగి ఘాటు అనేవాడు. రానురాను గంట దూరమై, ఆగిపోయింది.

వేసవి మొదట్లో, గద్దెనెక్కి రెండో ఏడు నిండకుండానే, రాజుగారు కాలం చేశారు. ఆజ్ఞ కూడా ఆయన వెంటే పోయింది. జనం కొత్త వలలు అల్లుకున్నారు. అజి ఆ పొద్దున ముల్లంగి జోలికి పోలేదు.

"వెళ్లవయ్యా. పిలుచుకో."

డోల్బో గుమ్మం దాటాడు. నడుం విరిచాడు. ఊరు ఊరంతా చెవులు రిక్కించింది. ఈల మునుపటికన్నా గట్టిగానే పలికింది.

గంట మోగలేదు. పక్కింటి కోళ్లు మాత్రం చూరు కిందికి దూరాయి.