గుయ్యిమనే వైరు

ఆరు తీగలుండాల్సిన గిటారుకు నాలుగే ఎందుకున్నాయని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం నేను రెండో ఏడే మానేశాను. నంద్యాల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే కథ. స్టేజీ ఎక్కకముందే ఎవరో ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, గిటారు మెడ మీద చేయి పెట్టి, నా వైపు జాలిగా చూసేవాడు.

"రెండు తీగలు తెగినట్లుండాయి గదప్పా. ఇంట్లోనే చూసుకోని రాకూడదా?"

ఇది బేస్ గిటారనీ, దీనికి ఉండేవే నాలుగు తీగలనీ మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. విని, తల ఊపి, పక్కనున్న మనిషితో "పాపం, రెండు తెగిపోయినాయంట" అనేవాళ్లు. చివరికి విసుగెత్తి, "అవునన్నా, రేపు కట్టిస్తా" అనడం మొదలుపెట్టాను. అట్లా అంటేనే వాళ్లకు తృప్తిగా ఉండేది.

అవి డెబ్బైల చివరా ఎనభైల మొదలూ. మామూలు రోజుల్లో నేను నంద్యాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. పెండ్లిళ్ల కాలం వస్తే ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తూ పాడేవాణ్ణి. మా ఆర్కెస్ట్రా తక్కినవాటిలాంటిది కాదు. ఒకే ఒక్క గాయకుడి పాటలు పాడతాం, ఇంకొకరివి ముట్టుకోం. మా లీడరుకు ఆ గాయకుడంటే పిచ్చి. బ్యానరు మీద ఆయన బొమ్మ నిలువెత్తున వేయించాడు. మా బొమ్మలు ఎక్కడా లేవు.

లీడరు హార్మోనియం వాయించేవాడు. పాట రికార్డులో ఎట్లా ఉందో అట్లాగే రావాలన్నది ఆయన పట్టుదల. రికార్డులో గాయకుడు నవ్వితే నేనూ నవ్వాలి, అంతే సేపు నవ్వాలి. ఆయన ఊపిరి తీసుకున్నచోటే నేనూ తీసుకోవాలి. ఒకసారి పాట మధ్యలో నాకు నిజంగానే దగ్గు వస్తే, "ఆయన దగ్గలే గదా, నీకెందుకొచ్చె?" అని వారం రోజులు సాధించాడు.

మేం పాటలు నేర్చుకునేది బస్టాండు దగ్గరి టీ హోటల్లో. దాని ఓనరు లీడరుకు స్నేహితుడు, అడిగిన రికార్డు అడిగినన్నిసార్లు వేసేవాడు. ఒక రికార్డు మీద గీత పడి, రెండో చరణంలో ఒక లైను మొత్తం ఎగిరిపోయేది. నేను పాటల పుస్తకం కొని, ఆ లైను వెతికి పట్టుకుని, నంద్యాలలోనే ఒక పెండ్లిలో పాట పూర్తిగా పాడాను. ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా ఆ హోటల్లో టీ తాగేవాళ్లే.

"యాడిదప్పా ఆ లైను? నువ్వే కలిపినావా?" అని ఒకాయన లేచి నిలబడ్డాడు.

పుస్తకంలో ఉందని చెప్పబోయాను. లీడరు హార్మోనియం మీది నుంచి నన్ను కొరకొరా చూశాడు. తర్వాత ఆ పాటను మళ్లీ గీతపడ్డ రికార్డులాగే పాడాం. ఉన్న లైనును వదిలేసి పాడటానికి నాకు ఎంత ఒళ్లు మండేదో చెప్పలేను.

ఇంత కట్టడిలో నాది అని చెప్పుకోవడానికి మిగిలింది బేస్ ఒక్కటే. రికార్డుల్లో బేస్ ఉండేది, కాని ఆ హోటలు స్పీకరులో అది వినపడేది కాదు. వినపడనిదాన్ని లీడరు ఎట్లా నకలు చేయమంటాడు? అందుకని ప్రతి పాటకూ బేస్ నేనే కట్టుకున్నాను. ఇంట్లో వసారాలో కూర్చుని, పాట లోలోపల పాడుకుంటూ, కింద ఏ స్వరం నిలబెడితే పాట కుదురుగా ఉంటుందో వెతికేవాణ్ణి. నోరు ఒక దారిన, వేళ్లు ఒక దారిన పోవడం అలవాటు కావడానికే ఏడాది పట్టింది. గొంతు ఆయనది, నవ్వు ఆయనది, ఊపిరి కూడా ఆయనదే. ఆ నాలుగు తీగల మీద పలికేది మాత్రం నాది.

ఈ వెతకడం నాకు మా నాయన దగ్గర అబ్బింది. ఆయన మిషన్ స్కూల్లో అయ్యవారు. మా చర్చిలో క్వయరు నాలుగు గొంతుల్లో పాడేది. నాయన అన్నిటికన్నా కింది గొంతైన బేస్ వరసలో ఆ చివర నిలబడేవాడు. నాకు గొంతు మారగానే పక్కన నిలబెట్టుకుని నేర్పించాడు. పైన పాడేవాళ్లకేమో రాగమంతా ఇచ్చి, మనకు ఈ నాలుగు స్వరాలేందని నేను సణిగితే, ఆయన పాటల పుస్తకం మూసి ఒక మాట చెప్పాడు.

"మన పాట ఎవురూ ఇనరురా. మనం ఆపితే మాత్రం అందరికీ తెలుస్తాది."

ఆ మాట పట్టుకునే నేను ఆర్కెస్ట్రాలో ఆ గిటారు తీసుకున్నాను. లీడరు దాన్ని మద్రాసు నుంచి తెచ్చి పెట్టుకుంటే, వాయించేవాడు లేక మూల పడి ఉండేది.

నాయనకు నేను సినిమా పాటలు పాడటం మీద అంత కోపం లేదు. "ఇంకొకరి గొంతు పెట్టుకోని పాడేదేందిరా?" అని మాత్రం అనేవాడు. మూడేండ్లు పిలిచినా ఒక్క ప్రోగ్రాముకూ రాలేదు. పాటల సంగతి వదిలెయ్, బేస్ వినడానికి రా అని బతిమాలాను. అది ఆయన నేర్పిందేనని ఆయనకు తెలియాలని నా కోరిక. ఆయన ఒక్కసారి విని, ఊ అంటే నాకు చాలు. ఆయన చర్చికి తప్ప పాట వినడానికి ఎక్కడికీ కదలడు.

చివరికి ఆళ్లగడ్డలో ఒక పెండ్లి కలిసొచ్చింది. పెండ్లికూతురి తండ్రి మా నాయనతో పాటు పనిచేసిన అయ్యవారు. ఆర్కెస్ట్రా మాదే. ముహూర్తం అయ్యాక, మధ్యాహ్నం భోజనాల వేళకు పాటలు. స్కూలు ఆవరణలో నాపరాళ్ల అరుగే మాకు స్టేజీ.

మైకుసెట్టు ఆళ్లగడ్డ మనిషిదే. మా ప్రోగ్రాములన్నిటికీ ఆయనే వచ్చేవాడు. మంచి పనివాడు, తన సామాను మీద ఈగ వాలనివ్వడు. స్తంభాలకు గొట్టాల స్పీకర్లు కట్టాడు. ఆ గొట్టాల్లో పాట కీచుమంటూ ఊరంతా వినపడుతుంది గాని, కింది స్వరం ఒక్కటీ పలకదు. అందుకని నేను ఆయనను పోరి పోరి ఒక చెక్క పెట్టె స్పీకరు కూడా పెట్టించేవాణ్ణి. నా గిటారు వైరు ఆయన ఆంప్లిఫైరుకే పోతుంది, బేస్ ఆ పెట్టెలోంచి వస్తుంది. స్టేజీ మీద ఉండే మాకు పక్కనున్న డ్రమ్ముల మోత తప్ప ఏమీ వినపడదు. ముందున్న జనానికి అంతా వినపడుతోందనే నమ్మకం మీదే వాయించేవాణ్ణి.

నాయన భోజనం ముగించుకుని వచ్చి, సరిగ్గా ఆ పెట్టె పక్కనే ఇనుప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, తల కొంచెం పెట్టె వైపు వంచాడు. చర్చిలో పాట మొదలయ్యే ముందు అట్లాగే వంచుతాడు. ఆ రోజు వాయించినంత శ్రద్ధగా ఎప్పుడూ వాయించలేదు. పది పాటలు. ఒక్కచోట కూడా చేయి ఆపలేదు.

సామాను సర్దుతుండగానే ఆయన దగ్గరికి పోయాను.

"ఎట్లుండె నాయనా?"

"పాటలు ఆయన పాడినట్లే ఉండాయి. కండ్లు మూసుకుంటే రేడియో ఇన్నట్లుంది."

అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

"బేస్?"

"మొదటి పాటలో బాగుండె. రెండో పాట నడుమ ఆపినావేంది?"

"నేను ఆపలేదు నాయనా."

"ఆపినావురా. పెట్టె పక్కనే కూర్చోనుండా. నాకింకా చెవుడు రాలే." ఆయన కర్ర నేల మీద ఆనించి లేచాడు. "చేతకాకపోతే పాట ఒకటే పాడల్ల. గిటారు మెడకేసుకోని ఊరికే వేళ్లు ఆడించేదెందుకు? ఎవురిని మోసం చేస్తాండావ్?"

మొగం మాడిపోయింది నాకు. మూడేండ్లు పిలిచి పిలిచి రప్పించుకున్నది ఈ మాట పడటానికా అనిపించింది. ఆయనతో వాదించి లాభం లేదు, ఆగనిదాన్ని ఆగిందని చెప్పే మనిషి కాదు. అక్కడే, పది అడుగుల దూరంలో, మైకుసెట్టాయన వైర్లు చుట్టుకుంటున్నాడు. నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, నా వైరు మధ్యలో ఊడిందా?"

"ఏ వైరు? ఆ గుయ్యిమనేదా?"

"గుయ్యిమనేదేంది?"

"అదేనప్పా, నీ పక్కనుంచి వస్తాది సూడు, నల్లది. అది ఊడలే, నేనే పీకినా. ఒక పాట ఓర్చుకున్యా. రెండో పాటలో మళ్లా గుయ్యిమంటాండె."

"అది నా గిటారన్నా."

ఆయన వైరు చుట్టడం ఆపి, గిటారు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

"గిటారు అట్ల మోగుతాదా యాడన్నా? ఎర్తు సరిగా లేక ఆంప్లిఫైరు గుయ్యిమంటాందనుకున్యా. మూడేండ్ల నుంచి మీ ప్రోగ్రామంటే నాకిదే తలనొప్పి. ఆ వైరు పీకితే సాలు, సల్లగా ఉంటాది."

"మూడేండ్ల నుంచి పీకుతాండావా?"

"ప్రతిసారీ పీకుతా. ఎవురూ ఏమనలే గదా."

అది నిజం. ఎవరూ ఏమనలేదు. లీడరు అనలేదు, జనం అనలేదు, నాకే తెలియలేదు. వసారాలో కూర్చుని ఒక్కో పాటకూ వారాల తరబడి కట్టుకున్న బేస్ అంతా మూడేండ్లుగా మొదటి పాట దాటి బయటికి రాలేదు. మనం ఆపితే అందరికీ తెలుస్తుందని నాయన చెప్పిన మాట నమ్ముకుని నిలబడ్డాను కదా, ఆగిపోయిందని ఒక్కరికైనా తెలియకపోయె. ఏడుపు వచ్చినంత పనైంది. లీడరుతో చెబితే, "ఇప్పుడేమాయె, పాటలు బాగొచ్చినాయి గదా" అని హార్మోనియం పెట్టెకు తాడు కట్టుకుంటూ పోయాడు. ఆ హార్మోనియాన్ని అక్కడే ఒక తన్ను తన్నాలనిపించింది.

బస్టాండుకు నడుస్తూ నాయనకు అంతా చెప్పాను. నంద్యాల బస్సెక్కి కూర్చున్నాక, గిటారును మా ఇద్దరి మోకాళ్లకు అడ్డంగా పెట్టుకున్నాం. బస్సు ఊరు దాటింది. ఆయన ఉన్నట్టుండి గొంతు సవరించుకుని, మెల్లగా ఏదో మొదలుపెట్టాడు. ఇంజను రొదలో నాకు ముందు అర్థం కాలేదు. అది నా రెండో పాట బేస్. ఒక్కసారి విని, ఎంతవరకు విన్నాడో అంతవరకు, స్వరం పొల్లుపోకుండా అన్నాడు. అని, ఆపాడు.

"ఈడ ఆగిపోయె. ఈణ్నించి ఎట్ల పోతాదో చెప్పు."

గిటారు ఉంది గాని వైరు లేకపోతే అది పలకదు. నోటితోనే మొదలుపెట్టాను. ఆయన చెవి నా నోటి దగ్గర పెట్టి, "ఇనపళ్లే, గట్టిగా" అన్నాడు. గట్టిగా అన్నాను. ఆ గాయకుడి గొంతు ఎన్నేండ్లుగానో అలవాటై, నా గొంతు ఎట్లా ఉంటుందో నాకే మరుపుకొచ్చింది. మోటుగా, బొంగురుగా వచ్చింది. ముందు సీటులో కూర్చున్నాయన వెనక్కి తిరిగాడు.

"ఏం పాటప్పా ఇది, మాటలే లేవు?"

"ఉండాయి. పైనోళ్లు పాడతారు," అన్నాడు నాయన.

శిరివెళ్ల వచ్చేలోపల పది పాటల బేసూ అయిపోయింది. ఆయన ఒక్కసారీ మధ్యలో ఆపలేదు. బాగుందని కూడా అనలేదు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. నంద్యాల దగ్గర పడుతుండగా అన్నాడు.

"ఆరో పాటలో, రెండో చరణం కాడ, దిగాల్సినచోట ఎక్కినావు."

"కావాలనే ఎక్కించినా నాయనా."

"కావాలనే తప్పు చేసినావు. ఆడ దిగల్ల. సరిచేసుకో."

ఇంటికి పోయి వాయించి చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం. ఆ తర్వాత చాలా ఏండ్లు వాయించాను. గొంతులో తప్పులు పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నా బేసులో తప్పు పట్టిన మనిషి మాత్రం ఆయన ఒక్కడే.

తర్వాతి పెండ్లి బనగానపల్లెలో. మైకుసెట్టు ఆళ్లగడ్డాయనదే. వైరు ముట్టుకోవద్దని చేతులు పట్టుకుని మరీ చెప్పాను, సరేనన్నాడు. ఆరో పాట రెండో చరణంలో దిగాల్సినచోట దిగాను. పాట అయ్యాక పోయి ఆంప్లిఫైరు దగ్గర చూస్తే వైరు పీకి నేల మీద పడేసి ఉంది. నాకు పట్టరాని కోపమొచ్చింది. అయినా ఆ చోట మాత్రం సరిగ్గా దిగాను.